బరువు తగ్గించు పథ్యములు – వైద్యసలహా

పల్నాటి సీమను గూర్చి శ్రీనాథ మహాకవి చెప్పినవని వాడుకలోనున్న చాటుపద్యములు తెలుగువారికి సుపరిచితములు. పదునైదవ శతాబ్దికి చెందిన ఆ కవికి ఈ సీమలో ఎచ్చట చూచినను జొన్నకూడే కాని వరియన్నము కానరాలేదట. ఆయన తరువాత కూడ శతాబ్దుల తరబడి మాచర్ల, గురజాల, నరసరావుపేట ప్రాంతములలో మెట్టపైరులదే ప్రాధాన్యము. జొన్న, సజ్జ, కంది పండించుకొని, వానినే తిని జనులు కాయకష్టము చేసెడివారు. 1967 ఆగస్టులో నాగార్జునసాగరము కాలువలకు నీరు వదలిన పిమ్మట పరిస్థితి మారినది. కుడికాలువ క్రింద వరి సాగు విస్తరించినది. ఒకప్పుడు పండుగనాటి భోజనమైన వరియన్నము దినమునకు రెండు మూడు పర్యాయములు తిను ఆహారమైనది. అదే కాలములో పొలములోనికి ట్రాక్టరును, ఇంటిలోనికి మోటారుసైకిలును వచ్చి శరీరశ్రమను తగ్గించినవి.

తిండి పెరిగి శ్రమ తగ్గినచోట శరీరము బరువెక్కుట సహజము. దానితోపాటు మధుమేహము, రక్తపుపోటు, గుండెజబ్బు పొంచియుండును. కావున బరువు తగ్గవలెనను కోరిక మంచిదే. అయితే ఏ మార్గమున తగ్గవలెను? ఇరుగుపొరుగువారు చెప్పిన కఠిన పథ్యమును పట్టవలెనా, వైద్యుని అడుగవలెనా? ఈ ప్రశ్నకు శాస్త్రము చెప్పు సమాధానమును పరిశీలింతము.

రెండు విరుద్ధ మార్గములు

తెలుగునాట మిక్కిలి ప్రచారము పొందిన రెండు ఆహారపద్ధతులను తీసికొందము. మొదటిది ప్రకృతి చికిత్సకులు మంతెన సత్యనారాయణరాజు గారు ఇరువది సంవత్సరములకు పైగా ప్రచారము చేయుచున్నది. ఇందులో ఉప్పు, నూనె లేకుండ వండిన కూరలు, పచ్చికూరల రసములు, మొలకెత్తిన గింజలు, పండ్లు ముఖ్యము. రెండవది 2017, 2018 సంవత్సరములలో వీరమాచనేని రామకృష్ణ గారి ప్రసంగముల ద్వారా ఊరూర వ్యాపించినది. ఇందులో అన్నము, రొట్టె, పంచదార మొదలగు పిండిపదార్థములను దాదాపు పూర్తిగా విడువవలెను. దినమునకు 70 నుండి 100 గ్రాముల కొబ్బరినూనె, నెయ్యి వంటి క్రొవ్వు, మూడు నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీరు, రెండు విటమిను మాత్రలు తీసికొనవలెను. ఈ రెండవ పద్ధతిని పలువురు వైద్యులు బహిరంగముగనే విమర్శించిరి.

ఒకరు నూనె చుక్కయైన వద్దనుచున్నారు. మరియొకరు నూనెను గిన్నెతో త్రాగుమనుచున్నారు. విచిత్రమేమనగా, ఈ రెండు పద్ధతులను శ్రద్ధగా పాటించినవారిలో పెక్కుమంది బరువు తగ్గినవారే. పరస్పర విరుద్ధములైన రెండు నియమములు ఒకే ఫలము నిచ్చినచో, ఆ ఫలమునకు కారణము నూనెలో నుండుటకు వీలులేదు. రెండింటిలోను సమానముగా నున్న అంశమేదియో వెదుకవలెను.

శరీరపు జమాఖర్చు

ఆ అంశము మొత్తము శక్తి. ఒక గ్రాము పిండిపదార్థము గాని, మాంసకృత్తు గాని సుమారు 4 కిలోకాలరీల శక్తి నిచ్చును. ఒక గ్రాము క్రొవ్వు 9 కిలోకాలరీల నిచ్చును. శరీరము ఖర్చు చేయుదానికంటె తక్కువ శక్తి ఆహారముద్వారా వచ్చినపుడు, లోటు భర్తీ చేయుటకై నిల్వయున్న క్రొవ్వు కరగును. ఒక కిలో శరీరపు క్రొవ్వులో సుమారు 7,700 కిలోకాలరీల శక్తి ఇమిడియున్నది. దినమునకు 500 కిలోకాలరీల లోటు చూపినచో వారమునకు 3,500; అనగా అరకిలోకు కొంచెము తక్కువ క్రొవ్వు తగ్గును.

నూనె లేని ఆహారములో కూరలు, పండ్లు పొట్టను నింపును గాని వానిలో శక్తి తక్కువ. నూనెతో కూడిన పథ్యములో 100 గ్రాముల నూనె 900 కిలోకాలరీలు ఇచ్చుమాట నిజమే. కాని అన్నము, పిండివంటలు పూర్తిగా పోవుటచేతను, రక్తములో కీటోనులు పెరిగినపుడు ఆకలి మందగించుటచేతను మొత్తము తిండి తగ్గిపోవును. మార్గములు వేరైనను జమాఖర్చు ఒక్కటే.

ఈ విషయమును అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయము వారు పరీక్షించి 2018లో ఫలితములు ప్రకటించిరి. 609 మందిని రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు క్రొవ్వు తక్కువగల ఆహారమును, రెండవ జట్టుకు పిండిపదార్థములు తక్కువగల ఆహారమును సూచించిరి. రెండు జట్లవారిని కూరగాయలు ఎక్కువగా తినుమనియు, పంచదారను, మైదాను తగ్గింపుమనియు కోరిరి. సంవత్సరాంతమున మొదటి జట్టు సగటున 5.3 కిలోలును, రెండవ జట్టు 6 కిలోలును తగ్గినవి. గణితరీత్యా ఈ భేదము లెక్కింపదగినది కాదు. అయితే ప్రతి జట్టులోను బాగుగా తగ్గినవారును, కొంత పెరిగినవారును కూడ ఉండిరి. ఒకరికి కుదిరిన పథ్యము మరియొకరికి కుదరకపోవచ్చునని దీనివలన తెలియును.

మొదటి వారపు భ్రమ

అన్నము మానిన మొదటి వారములోనే రెండు కిలోలు తగ్గినదని ఆనందించువారు పెక్కుమంది. ఇది క్రొవ్వు తగ్గుట కాదు. మన కాలేయములో సుమారు 100 గ్రాములు, కండరములలో సుమారు 400 గ్రాములు గ్లైకోజెన్ అను పిండిపదార్థము నిల్వయుండును. ప్రతి గ్రాము గ్లైకోజెన్ తనతో సుమారు మూడు గ్రాముల నీటిని పట్టియుంచును. పిండిపదార్థములు అందనపుడు ఈ నిల్వ ఖర్చగును. దానితోపాటు నీరు మూత్రరూపమున పోవును. 500 గ్రాముల గ్లైకోజెన్, 1,500 గ్రాముల నీరు కలిసి రెండు కిలోలు. తిరిగి అన్నము తిన్న రెండు మూడు దినములలో ఈ బరువు మరల వచ్చును.

నీటితోపాటు ఉప్పు కూడ పోవును. రాష్ట్రములో మిక్కిలి ఎండకాయు ఊళ్లలో రెంటచింతల ఒకటి. అట్టి చోట నడివేసవిలో ఈ పథ్యము మొదలుపెట్టినవారికి కళ్లు తిరుగుట, కండరములు పట్టివేయుట కలుగుటలో ఆశ్చర్యము లేదు. రక్తపుపోటునకు మాత్రలు వాడువారిలో ఇది మరింత హెచ్చుగా నుండును.

పోయిన బరువు తిరిగి వచ్చుట

కఠిన పథ్యము శరీరముపైనను, మనస్సుపైనను చూపు ప్రభావమును అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయములో ఆన్సెల్ కీస్ అను శాస్త్రజ్ఞుడు 1944–45లో పరిశీలించెను. ఆరోగ్యవంతులైన 36 మంది యువకులు స్వచ్ఛందముగా ముందుకు వచ్చి, 24 వారములపాటు దినమునకు సగటున సుమారు 1,570 కిలోకాలరీల ఆహారముతో గడపిరి. వారి బరువులో దాదాపు నాలుగవ వంతు తగ్గినది. కాని వారి శరీరములు విశ్రాంతిగా నున్నపుడు ఖర్చు చేయు శక్తియు గణనీయముగా తగ్గినది. చలి, నీరసము, చిరాకు కలిగినవి. పగలు రాత్రి ఆహారము తప్ప వేరు ఆలోచన లేకపోయెను. ప్రయోగము ముగిసిన పిమ్మట పలువురు ఎంత తిన్నను తృప్తి చెందలేదు. పూర్వముకంటె ఎక్కువ క్రొవ్వు పట్టిరి.

బరువు తగ్గిన శరీరము పొదుపు నేర్చును, ఆకలి పెరుగును. కావున కొన్ని వారములు మాత్రమే పాటింపగల పథ్యము కొన్ని వారములు మాత్రమే ఫలించును. పథ్యము వదలినవారిని మనోబలము లేనివారని నిందించుట తగదు. వారు తమ శరీరధర్మముతో పోరాడినవారు.

ప్రమాదము ఎచ్చట నున్నది?

ఆరోగ్యవంతుడు కొన్నాళ్లు నూనె మానినను, అన్నము మానినను సాధారణముగా గొప్ప కీడు కలుగదు. ప్రమాదము మందులు వాడువారికి ఎక్కువ. గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు గాని, ఇన్సులిన్ గాని తీసికొనుచు హఠాత్తుగా అన్నము మానినచో రక్తములో చక్కెర మితిమీరి పడిపోయి స్పృహ తప్పవచ్చును. డాపాగ్లిఫ్లోజిన్ వంటి మాత్రలు వాడువారు పిండిపదార్థములు పూర్తిగా విడిచినచో, చక్కెర అంతగా పెరుగకుండగనే రక్తము ఆమ్లభరితమగు ప్రమాదము కలదు. చక్కెర పరీక్షలో అంకె బాగుగానే కనబడుటచే ఈ స్థితిని ఆలస్యముగా గుర్తింతురు. వాంతులు, కడుపునొప్పి, ఆయాసము దీని లక్షణములు.

అన్నిటికంటె పెద్ద ప్రమాదము పథ్యమును నమ్మి ఇన్సులిన్ మానుట. బాల్యములో వచ్చు మొదటి రకము మధుమేహములో శరీరము ఇన్సులిన్‌ను తయారుచేయలేదు. ఇన్సులిన్ కనుగొనక పూర్వము అమెరికాలో ఫ్రెడరిక్ అలెన్ అను వైద్యుడు అట్టి రోగులను దాదాపు ఉపవాసముతో బ్రతికించుటకు ప్రయత్నించెను. ఆ పథ్యము మరణమును కొంతకాలము వాయిదా వేసినది గాని తప్పింపలేదు. 1922 జనవరిలో టొరంటో నగరములో ఇన్సులిన్ సూదిమందు పొందిన లియొనార్డ్ థాంసన్ అను 14 ఏండ్ల బాలుడు అప్పటికి 30 కిలోల బరువైన లేడు. ఏ పథ్యమును ఇన్సులిన్‌కు బదులు కాజాలదని ఆనాడే తేలినది.

కొబ్బరినూనె సంగతి కూడ చూడవలెను. అందులోని క్రొవ్వులో సుమారు 90 శాతము సంతృప్త క్రొవ్వు. మంచినూనెలతో పోల్చిచూచిన పరిశోధనలను క్రోడీకరించి 2020లో ప్రకటించిన ఫలితముల ప్రకారము, కొబ్బరినూనె చెడు కొలెస్టరాలును డెసిలీటరునకు సుమారు 10 మిల్లీగ్రాములు పెంచును. గుండెజబ్బు గలవారికి ఇది ఉపేక్షింపదగిన విషయము కాదు. గర్భిణులు, పాలిచ్చు తల్లులు, మూత్రపిండముల వ్యాధి గలవారు వైద్యుని అడుగక ఎట్టి కఠిన పథ్యమును పట్టరాదు.

అదే కఠినత్వము వైద్యుని చేతిలో

వైద్యశాస్త్రము కఠిన పథ్యమునకు విరోధి యనుకొనరాదు. 2017లో బ్రిటనులో ప్రకటించిన ఒక పరిశోధనలో, రెండవ రకము మధుమేహము వచ్చి ఆరేండ్లు దాటనివారికి మూడు నుండి ఐదు మాసములపాటు దినమునకు సుమారు 850 కిలోకాలరీల ద్రవాహారమును మాత్రమే ఇచ్చిరి. సంవత్సరాంతమున వారిలో 46 శాతము మందికి మందులు లేకుండగనే చక్కెర అదుపులో నుండెను. మామూలు చికిత్స పొందినవారిలో ఇట్టివారు 4 శాతమే. రెండేండ్లకు మొదటి అంకె 36 శాతమునకు తగ్గినది.

ఇది మన ఊళ్లలో కొందరు పట్టు పథ్యములకంటె కఠినమైనదే. మరి భేదమెచ్చట? ఎవరికి తగునో ముందు పరీక్షించి ఎన్నుకొనిరి. ఇన్సులిన్ వాడువారిని చేర్చుకొనలేదు. ఏ మాత్రలు ఆపవలెనో వైద్యులే నిర్ణయించి ఆపిరి. పథ్యము ముగిసిన పిమ్మట మామూలు ఆహారమును మెల్లమెల్లగా తిరిగి ప్రవేశపెట్టి, మాసమునకొకసారి పిలిచి చూచిరి. ఈ జాగ్రత్తలు పథ్యములో నుండవు, వైద్యసలహాలో నుండును.

వైద్యుడు తూకముతో తృప్తి చెందడు. శరీర భార సూచికను లెక్కించును. కిలోలలోని బరువును మీటర్లలోని ఎత్తు యొక్క వర్గముతో భాగించిన అది వచ్చును. 1.6 మీటర్ల ఎత్తు, 64 కిలోల బరువు గలవారికి అది 25. భారతీయులలో 23 దాటిన అధిక బరువనియు, 25 చేరిన స్థూలకాయమనియు వైద్యులు భావింతురు; ఏలనన మనవారిలో తక్కువ బరువునందే పొట్టచుట్టు క్రొవ్వు పేరుకొనును. నడుము కొలత పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటరాదు. ఎదుగుచున్న విద్యార్థులకు ఈ అంకెలు వర్తింపవు. వారికి వయస్సునుబట్టి వేరు పట్టికలు కలవు.

తూకమే సర్వస్వము కాదనుటకు మరియొక నిదర్శనము కలదు. మధుమేహమునకు చేరువలోనున్న 531 మందిపై చెన్నైలో జరిపి 2006లో ప్రకటించిన పరిశోధనలో, ఆహారమును సరిదిద్దుకొని నడక అలవరచుకొన్నవారిలో మధుమేహము వచ్చుట మూడేండ్లలో 28.5 శాతము తగ్గినది. వారి బరువు మాత్రము చెప్పుకొనదగినంత తగ్గలేదు!

పల్నాటి పళ్లెము

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో సవరించి ప్రకటించిన మార్గదర్శకములలో దినమునకు 2,000 కిలోకాలరీల ఆహారమును ఇట్లు సూచించినది: ధాన్యములు 250 గ్రాములు, పప్పులు 85, కూరగాయలు 400, పండ్లు 100, వేరుసెనగ వంటి గింజలు 35, నూనె 27 గ్రాములు, పాలు 300 మిల్లీలీటర్లు. వారమునకు అరకిలో చొప్పున తగ్గుట క్షేమమనియు, దినమునకు 1,000 కిలోకాలరీలకు తక్కువ తినరాదనియు ఆ సంస్థ సలహా.

బరువు తగ్గుటకు అన్నము మాని జొన్నరొట్టె తిన్న చాలునా? ఆ సంస్థవారి 2017 నాటి పట్టికల ప్రకారము 100 గ్రాముల బియ్యములో సుమారు 356 కిలోకాలరీలు, జొన్నలలో 334. భేదము స్వల్పము. కాని పీచుపదార్థము బియ్యములో 2.8 గ్రాములు కాగా జొన్నలలో 10.2. పీచు ఆకలిని ఆపును. చక్కెరను రక్తములోనికి మెల్లగా విడుచును. కావున నాలుగు రొట్టెలు తిను చోట రెండు తిని, పళ్లెములో సగము కూరలు, గోంగూరపప్పు, మజ్జిగ చేర్చుకొన్ననే లాభము. దినమునకు అరగంట వడివడిగా నడచుట దీనికి తోడు కావలెను.

ఎవరైన కొత్త పథ్యమును చెప్పినపుడు ఉపాధ్యాయులు విద్యార్థులచే ఈ ప్రశ్నలు వేయింపవచ్చును: ఇది ఎవరికి తగదో చెప్పినారా? వాడుచున్న మందుల మాటేమి? అనుకొన్న బరువు చేరిన మరునాడు ఏమి తినవలెను? వీనికి జవాబు లేని పథ్యము తూకములో ముల్లును కదల్చవచ్చునే గాని, ఆరోగ్యమునకు పూచీ వహింపలేదు. ఇంటిలో మధుమేహముగల పెద్దలు అట్టి పథ్యమునకు పూనుకొన్నచో, ముందు తమ మాత్రల చీటీని వైద్యునికి చూపుమని చెప్పుట చదువుకొన్న పిల్లల విధి.