వార్తల్లో పదం: ట్యాప్ ఛేంజర్
2025 ఏప్రిల్ 28న స్పెయిన్, పోర్చుగల్ దేశాలకు కరెంటు పోయాక ఈ పదం ఇంజనీర్ల గదులు దాటి బయటికొచ్చింది. గ్రనడా ప్రాంతంలో ఓ ట్రాన్స్‌ఫార్మర్ 220 కేవీ వైపు వోల్టేజీ మితిమీరి ట్రిప్పయింది. 400 కేవీ వైపు మాత్రం అక్కడి పరిమితి 435 కేవీ దాటలేదు. ఆ రెండు వైపుల వోల్టేజీ నిష్పత్తిని మార్చేది ట్యాపే, దాన్ని మెట్టుమెట్టుగా జరిపే పరికరమే ట్యాప్ ఛేంజర్. కాబట్టి గ్రిడ్‌ను కంప్యూటర్‌లో లెక్కగట్టే సిమ్యులేషన్‌లో ట్యాప్‌ను అసలు యంత్రం కదిలే తీరులోనే అమర్చాలి. ఒక్కో మెట్టు వోల్టేజీని 1.25 శాతం మారుస్తుందనుకుందాం. ఏ బస్‌బార్ వోల్టేజీని నిలపాలో చెప్పి, లక్ష్యం చుట్టూ మొత్తం 1 శాతం వెసులుబాటే ఇస్తే ట్యాప్ ఎక్కుతూ దిగుతూనే ఉండవచ్చు, లెక్క కుదురుకోదు. వెసులుబాటు మెట్టు కంటే ఎక్కువ ఉండాల్సిందే.

ఇరుకు హద్దు పెడితే కచ్చితత్వం పెరగదా అనవచ్చు. పెరిగేది యంత్రం అరుగుదలే. మెట్లు తీసేసి ట్యాప్‌ను నునుపుగా జరగనిస్తే లెక్క ఇట్టే తేలుతుంది, నిజమే. అలా జరిగే ట్యాప్ ఛేంజర్ మాత్రం సబ్‌స్టేషన్‌లో కనిపించదు. పైగా గ్రిడ్‌లో వోల్టేజీలు, విద్యుత్ ప్రవాహాలు తేల్చే ఈ మామూలు పవర్ ఫ్లో లెక్కకు గడియారం లేదు. అసలు ట్యాప్ పదుల సెకన్లు ఆగి కదులుతుంది. స్పెయిన్‌లో చివరి పతనం అంతకంటే వేగంగా ముగిసింది. పవర్ ఫ్లో లెక్క కుదిరింది కాబట్టి గ్రిడ్ భద్రమని సర్టిఫికెట్ ఇవ్వడం తప్పు.