పంచాంగం అంచున వాన లెక్క

(మహిళల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగం)



మా పుట్టిల్లు పల్నాడులో రాజుపాలెం. మా తాతయ్య చదువు వీధిబడితోనే ఆగిపోయింది గానీ ఆయనకొక అలవాటుండేది. ఏటా ఉగాదికి కొన్న పంచాంగంలో, ఒక్కో కార్తె ఎదురుగా అంచున, ఆ కార్తెలో కురిసిన వాన పెన్సిలుతో రాసుకునేవారు. "మృగశిర - ఒక పదును. ఆరుద్ర - లేదు. పునర్వసు - రెండు పదునులు." అంతే. ఏడాది మొత్తం రాసినా ఒక పేజీ నిండదు. ఆయన పోయాక ఆ పంచాంగాలు గోనెసంచిలో అటకెక్కాయి. ఒక దసరాకి ఇల్లు దులుపుతూ సగానికి పైగా పాతకాగితాలవాడికి వేసేశాం. వేసింది ఎవరో కాదు, నేనే. గడిచిపోయిన ఏడాది పంచాంగం ఎవరికి కావాలి అనుకున్నాను. వచ్చిన డబ్బుతో ఉల్లిపాయలు కొన్నట్టు జ్ఞాపకం.

మొన్న మా తమ్ముడు ఫోను చేశాడు. అప్పు చేసి బోరు వేయించాలా, ఇంకో ఏడాది ఆగాలా అని వాడి ఆలోచన. "అక్కా, వరసగా రెండేళ్ళు వానల్లేకుండా పోవడం ఇదివరకు ఎన్నిసార్లు జరిగిందో తాతయ్య పంచాంగాల్లో చూసి చెప్పగలవా?" అని అడిగాడు. వెతికితే పదకొండే మిగిలాయి. అవీ వరస సంవత్సరాలవి కావు. వాడికి ఏమని చెప్పను?

అందుకని ఇవాళ లెక్కలు దాచడం గురించి మాట్లాడదామనుకుంటున్నాను. బాంకు లెక్కలు కాదు. వానలు, నదులు, గాలి, జనం, వీటి లెక్కలు. ఇది ఆడవాళ్ళ కార్యక్రమంలో చెప్పుకునే సంగతేనా అని మీరనవచ్చు. కుళాయి ఎండిపోయిన రోజున బిందె పట్టుకుని లారీ దగ్గర నిలబడేది ఎవరండీ?

మా పల్నాటికి నాగార్జునసాగర్ కుడికాలవ ప్రాణం. 1955లో డ్యాముకు పునాది వేశారు, 1967లో కాలవలకు నీళ్ళు వదిలారు. ఆ కృష్ణ నీళ్ళలో మన వాటా ఇంత అని ఎలా తేల్చారో ఎప్పుడైనా ఆలోచించారా? నది మహారాష్ట్రలో పుట్టి, కర్ణాటక మీదుగా మన దాకా వస్తుంది. ముగ్గురన్నదమ్ములకు ఒకటే బావి అన్నమాట. తగవు ముదిరితే 1969లో కేంద్రం బచావత్ అనే న్యాయమూర్తి పెద్దరికంలో ఒక ట్రిబ్యునల్ వేసింది.

పంచాలంటే ముందు బావిలో నీళ్ళెన్నో తెలియాలి గదా. ఒక ఏడు వరద, ఒక ఏడు ఇసుక. ఏ ఒక్క ఏడాది చూసి చెప్పినా ఎవరో ఒకరు మునుగుతారు. అప్పుడు పనికొచ్చినవి బెజవాడ పుస్తకాలు. అక్కడ 1855లోనే ఆనకట్ట పూర్తయింది. ఆనకట్ట మీదుగా నీరు ఎంత ఎత్తున పొర్లుతోందో కొలిచి రాసిపెట్టేవారు. ఆ ఎత్తును బట్టి ఎంత నీరు దిగువకు పోయిందో లెక్క కట్టవచ్చు. దానికి కాలవలకు తీసుకున్నదీ, పైరాష్ట్రాలవాళ్ళు వాడుకున్నదీ కలిపితే నది మొత్తం తేలుతుంది. అలా 1894-95 నుంచి 1971-72 దాకా, మొత్తం 78 ఏళ్ళ లెక్క దొరికింది. నడుమ రెండు ప్రపంచ యుద్ధాలు వచ్చిపోయాయి, తెల్లదొరలు వెళ్ళిపోయారు, ఆనకట్ట స్థానంలో 1957లో ప్రకాశం బ్యారేజి వచ్చింది. పుస్తకం మాత్రం ఆగలేదు.

ఆ 78 ఏళ్ళనూ, బడిలో మార్కులు పేర్చినట్టు, ఎక్కువ నుంచి తక్కువకు పేర్చారు. మూడు వంతులు దిగివచ్చి ఆగితే అక్కడున్న అంకె 2060 టీఎంసీలు. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగుల నీరు. నాలుగేళ్ళలో మూడేళ్ళు అంతకు తగ్గదని నమ్మవచ్చునన్నమాట. 1973లో ఆ అంకెనే పంచారు. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 800, కర్ణాటకకు 700, మహారాష్ట్రకు 560. వాటితోబాటు పొలాల్లోంచి తిరిగి నదిలో కలిసే నీటికి మరికొంత చేర్చారు, ఆ వివరం ఇక్కడ అక్కర్లేదు.

వానలో తడుస్తూ వెళ్ళి కొలబద్ద చూసి అంకె వేసిన ఆ గుమాస్తా పేరు మనకు తెలియదు. తన అంకె మీద ఎప్పుడో మూడు రాష్ట్రాల ప్లీడర్లు వాదించుకుంటారని ఆయనకూ తెలిసి ఉండదు.

ఇంకో తమాషా వినండి. తరవాత వచ్చిన బ్రిజేష్‌కుమార్ ట్రిబ్యునల్ 2010లో ఆ పాత లెక్క కాకుండా 1961-62 నుంచి 2007-08 దాకా 47 ఏళ్ళ లెక్క తీసుకుంది. అదే మూడు వంతుల పద్ధతిలో ఇప్పుడు 2173 వచ్చింది. నది అదే. ఏయే సంవత్సరాలు లెక్కలోకి వచ్చాయన్నదాన్ని బట్టి 113 టీఎంసీలు తేడా! నావరకు, పొడుగాటి లెక్క చేతిలో ఉన్నవాడే ధైర్యంగా మాట్లాడగలడని తోస్తుంది. నేను చదివింది పదో తరగతే, తప్పయితే పెద్దలు దిద్దుదురుగాక.

వాన సంగతికొస్తే మన దేశంలో వాతావరణ శాఖ పుట్టింది 1875లో. వానకొలత పాత్రలో పడిన నీటిని ఇప్పటికీ పొద్దున ఎనిమిదిన్నరకే చూస్తారు. 1904 నుంచి 1924 దాకా ఆ శాఖకు పెద్దగా ఉన్న గిల్బర్ట్ వాకర్ అనే ఆయన ఇలాంటి అంకెలనే, మనవీ ఇతర దేశాలవీ, ముందు వేసుకుని కూర్చున్నాడు. పసిఫిక్ సముద్రం మీద గాలి బరువు పెరిగినప్పుడు హిందూ మహాసముద్రం మీద తగ్గుతుందనీ, ఆ తూగుడుబల్లకూ మన నైరుతి వానలకూ లంకె ఉందనీ పట్టుకున్నాడు. ఇవాళ పేపర్లో ఎల్‌నినో అని చదువుతామే, దాని కథలో అదొక సగం. అప్పట్లో కంప్యూటర్లు లేవు, గుమాస్తాలు చేత్తోనే కట్టిన లెక్కలవి.

అయితే అంకె దాస్తే చాలదు. పాలవాడి లెక్కకు మనం కాలెండరు మీద గుర్తు పెడతాం చూడండి. పాలు వస్తే టిక్కు, రాకపోతే సున్నా. ఏ గుర్తూ లేని రోజుంటే? పాలు రాలేదా, మనం మరిచామా? నెలాఖరున తగువంతా ఆ ఖాళీ గడి దగ్గరే. సున్నా వేరు, ఖాళీ వేరు. ఆ తేడా రాసిపెట్టకపోతే యాభై ఏళ్ళ తరవాత చూసేవాడికి రెండూ ఒకటే.

జనం లెక్కలో ఇంకో చిక్కుంది. 1871లో మొదటి జనగణన జరిగింది. ఆనాటి పుస్తకంలో గుంటూరు జిల్లా కోసం వెతికితే కనబడదు. 1859లో ఆ జిల్లాను కృష్ణాలో కలిపేశారు, మళ్ళీ విడదీసింది 1904లో. రాజుపాలెం మండలం ఏర్పడింది 1985లో. 2022 ఏప్రిల్ 4 నుంచి మాది పల్నాడు జిల్లా. ఊరు ఉన్నచోటే ఉంది, జిల్లా మాత్రం మూడు పేర్లు మార్చింది. ఏ ఊరు ఎప్పుడు ఎందులో ఉందో పక్కన రాసిపెట్టి ఉంటే తప్ప మా నాయనమ్మ కాలానికీ మా కాలానికీ జనం ఎంత పెరిగారో ఎవరూ చెప్పలేరు. 2021లో జరగవలసిన జనగణన కూడా 2027కు వెళ్ళింది, అది తెలిసిందే.

ఆ గణన కూడా లేని రోజుల సంగతి తలుచుకుంటే గుండె తరుక్కుపోతుంది. 1832-33లో, నందన నామ సంవత్సరంలో, గుంటూరు సీమను పెద్ద కరువు తుడిచిపెట్టింది. సుమారు అయిదు లక్షల జనంలో లక్షన్నర పోయారని ఒకరంటారు, రెండు లక్షలని మరొకరు. నడుమనున్న ఆ యాభైవేలమంది, అంటే యాభైవేల తల్లులు కన్నబిడ్డలు, ఉన్నట్టో లేనట్టో కూడా మనకు తెలియదు.

ఇప్పుడు ప్రపంచం మొత్తాన్ని చిన్న చిన్న గళ్ళుగా గీసి, ఏ గడిలో ఎందరున్నారో చూపే లెక్కలున్నాయి. మొదటి కూర్పు 1995లో వచ్చింది. తరవాతివి న్యూయార్క్‌లో కొలంబియా విశ్వవిద్యాలయంవారు తయారుచేశారు. నాలుగో కూర్పులో ఒక్కో గడి ఇంచుమించు కిలోమీటరు. తుపాను దారి మీద ఆ గళ్ళు పరిస్తే ఎంతమంది దాని వాతన పడతారో అంచనా తెలుస్తుంది. ఆ గళ్ళ అడుగున ఉన్నవి మాత్రం మన వీధుల్లో తలుపు తట్టి రాసుకుపోయిన లెక్కలే.

కంప్యూటరులో పెడితే ఇక భయం లేదనుకుంటాం. ఇంగ్లండులో 1086లో దేశం మొత్తాన్ని సర్వే చేసి తోలు కాగితాల మీద రాసిన పుస్తకాన్ని ఇప్పటికీ చదవవచ్చు. దానికి 900 ఏళ్ళు నిండిన సందర్భంగా 1986లో బీబీసీవారు అలాంటిదే కొత్తది చేసి లేజరు డిస్కుల్లోకి ఎక్కించారు. పదిహేనేళ్ళు తిరిగేసరికి ఆ డిస్కులు చదివే యంత్రాలే కరువయ్యాయి, నానా తంటాలు పడి పైకి తీయవలసి వచ్చింది. చంద్రుడి మీద మనిషి కాలు పెట్టిన రోజున యంత్రాలు పట్టిన అసలు టేపులనైతే, టేపులు చాలక చెరిపేసి మళ్ళీ వాడేసుకున్నట్టు 2009లో అమెరికా వాళ్ళే చెప్పారు. నవ్వకండి. మా నాయనమ్మ కరువు కబుర్లు చెప్పిన క్యాసెట్టు మీద మేము సినిమా పాటలు ఎక్కించుకున్నాం.

ఇంకొకటి, తప్పని తోచినదాన్ని కూడా పారెయ్యకూడదు. 1985లో బ్రిటిషు శాస్త్రజ్ఞులు దక్షిణధ్రువం వైపు ఓజోన్ పొర పల్చబడిందని బయటపెట్టారు. అమెరికా ఉపగ్రహం అంతకుముందే ఆ తక్కువ అంకెలు పంపింది. మరీ తక్కువగా ఉన్నాయని కంప్యూటరు వాటిని అనుమానపు జాబితాలో వేసింది. అదృష్టం, చెరపలేదు. తిరిగి తీసి చూస్తే నిజమేనని తేలింది.

ఇక దాచే ఉపాయమంటారా, కొత్తదేం కాదు. మెకంజీ దొర మన ఊళ్ళ కరణాల దగ్గర రాయించి పోగుచేసిన కైఫీయతులు పురుగు తిని, సిరా చెడి పాడవుతుంటే సి.పి.బ్రౌన్ కొత్త కాగితం మీద తిరగరాయించాడు. కాగితమైనా డిస్కయినా, పాతది పోకముందే కొత్తదాని మీదికి ఎక్కించడం, ఒకచోట కాక రెండుమూడుచోట్ల ఉంచడం, అంతకన్నా మార్గం లేదు. ఆ పనికి ఏటా డబ్బు కావాలి, మనిషి కావాలి. రిబ్బను కత్తిరించే పని కాదు గనక ఎవరికీ పట్టదు, ఇది నా ఫిర్యాదు.

మొన్న వేసవిలో మా మేనకోడలిని పక్కన కూచోబెట్టుకుని మిగిలిన పదకొండు పంచాంగాలూ ఒక లాంగునోటుబుక్కులోకి ఎక్కించాం. "పదునంటే ఎంత అత్తా?" అందది. నాకూ సరిగా తెలియదు. పెద్ద మేనత్తకు ఫోను చేస్తే, "విత్తనం వేసుకోను సరిపడా తడి. మీ తాత జానెడు లోతు తవ్వి చూస్తే గానీ పదునని రాసేవాడు కాదు" అంది. అది మొదటి పేజీలోనే రాసి పెట్టాం. పుస్తకం తమ్ముడి ఇంట్లో, ఒక జిరాక్సు నా దగ్గర, ఫొటోలు పిల్లల ఫోనుల్లో.

లేని సంవత్సరాలకు కూడా పేజీలు వదిలాం. అక్కడ మా మేనకోడలు "లేదు" అని రాయబోతుంటే చెయ్యి పట్టుకు ఆపాను. తాతయ్య లేదు అని రాస్తే వాన లేదని అర్థం. ఈ ఏళ్ళలో వాన పడిందో లేదో మనకేం తెలుసు? "పంచాంగం దొరకలేదు" అని రాయించాను.