మీకు తెలుసా? దోహా ఎండలో పాత చిన్న కారు

ఖతర్ వచ్చిన మనవాళ్లలో చాలామందికి ఇక్కడి మొదటి కారు సెకండ్ హ్యాండే. ఓ సన్నీ, ఓ యారిస్, ఓ పికాంటో. మన చేతికి వచ్చేసరికి ఇద్దరు ముగ్గురు ఓనర్లు మారి ఉంటారు. కొనేటప్పుడు అందరం మీటరే చూస్తాం, లక్షా ఇరవై తిరిగిందా, లక్షన్నరా అని. నన్నడిగితే మీటరు తర్వాతి సంగతి. దోహాలో కారును ముసలిదాన్ని చేసేవి ఎండ, దుమ్ము, కదలకుండా పడి ఉండటం. వీటికి ఇంటి దగ్గర మనం చేసుకోగలిగింది చాలానే ఉంది.

• ముషైరిబ్‌లో కార్లు ఎక్కువగా నేల కిందే ఉంటాయి. ఇరుకు సందులు, టైలర్ల కొట్లు, కూలీల గదులతో కిటకిటలాడిన పాత పేట స్థానంలో 2010లో కొత్త పేట కట్టడం మొదలుపెట్టారు. మొత్తం 31 హెక్టార్లు. పదివేలకు పైగా కార్లకు భూగర్భంలో చోటు చేశారు. పైన మనుషులు నడుస్తారు, ట్రామ్ తిరుగుతుంది. సముద్రపు గాలి ఆడేలా, గోడల నీడ దారి మీద పడేలా వీధులు వేశారు. దోహాలో కరెంటు వచ్చిన తొలి వీధి అల్ కహ్రబా కూడా ఈ పేటలోదే.

ఆ బేస్‌మెంటు కారుకు చేసే మేలు ఎంతో తెలియాలంటే అరిజోనా లెక్క చూడాలి. 2018లో అక్కడి స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు 37 డిగ్రీలు దాటిన రోజుల్లో కార్లను గంటసేపు ఎండలో నిలిపి కొలిచారు. డ్యాష్‌బోర్డు సగటున 69 డిగ్రీలకు, స్టీరింగ్ 53కు చేరాయి. నీడలో నిలిపిన కార్లలో డ్యాష్‌బోర్డు 48 దగ్గరే ఆగింది. దోహా జులైలో బయటి గాలే 42, 43 ఉంటుంది. డ్యాష్‌బోర్డు పగిలాక పూసే పాలిష్ కన్నా, పగలకముందు పెట్టే పది రియాళ్ల సన్‌షేడ్ అట్టే నయం.

• తెల్ల, లేత రంగు కార్లకు ఇక్కడ గిరాకీ ఊరికే రాలేదు. 2011లో అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్ వాళ్లు రెండు హోండా సివిక్‌లను, ఒకటి నలుపు, ఒకటి వెండి రంగుది, పక్కపక్కనే ఎండలో నిలిపారు. వెండి కారు టాపు ఏకంగా 25 డిగ్రీల దాకా చల్లగా ఉంది, లోపలి గాలి 5, 6 డిగ్రీలు తక్కువ. నల్ల కారు ఉన్నవాళ్లు దిగులు పడి రంగు మార్చేద్దామనుకుంటే మాత్రం ఆగండి. ట్రాఫిక్ శాఖ అనుమతి లేకుండా రంగు మార్చకూడదు. ఇస్తిమారాలో, అంటే కారు రిజిస్ట్రేషన్ కార్డులో, రాసిన రంగు, కారు మీద ఉన్న రంగు ఒకటే అయి ఉండాలి.

• పైపు పట్టుకుని కారు కడిగితే జేబుకు చిల్లు పడుతుంది. ఖతర్‌లో ఇళ్లకు వచ్చే నీళ్లు దాదాపు అన్నీ సముద్రపు నీటిలోంచి ఉప్పు తీసినవే. అందుకే పైపుతో కార్లు, వాకిళ్లు కడిగి నీళ్లు వృథా చేయడాన్ని 2008 నాటి 26వ నంబరు చట్టం నిషేధించింది. 2015లో దాన్ని సవరించి జరిమానాను 20,000 రియాళ్ల దాకా పెంచారు. చాలామంది కార్లకు ఆ ధర కూడా పలకదు! రెండు బకెట్లు చాలు. ఒకదాంట్లో షాంపూ నీళ్లు, రెండోదాంట్లో మంచినీళ్లు. గుడ్డను మంచినీళ్ల బకెట్లో జాడించి ఇసుక దిగాకే మళ్లీ షాంపూలో ముంచాలి. ఒకే బకెట్టుతో కడిగితే తీసిన ఇసుకనే మళ్లీ తెచ్చి కారుకు రుద్దుతున్నట్టు.

• పొడిగుడ్డతో దుమ్ము తుడవడం కారుకు చేసే పెద్ద అపకారం. వాయవ్యం నుంచి వీచే షమాల్ గాలి తెచ్చే దుమ్ములో ఎక్కువ భాగం సున్నపురాయి పొడి, దాంతో పాటు ఇసుక. ఇసుకలోని క్వార్ట్జ్ గాజు కన్నా గట్టిది. కారు రంగు మీద మెరుపు కోసం వేసే పారదర్శకమైన పొర మందం సుమారు 40 మైక్రాన్లు, అంటే తల వెంట్రుక కన్నా పల్చన. ఈ దుమ్మును పొడిగుడ్డతో గుండ్రంగా తిప్పుతూ తుడిస్తే ఏమవుతుందో రాత్రిపూట వీధి దీపం కింద బానెట్ చూస్తే తెలుస్తుంది. సాలెగూడులా గీతలు కనిపిస్తాయి. నెలకింతని మాట్లాడుకుని బిల్డింగ్ వాచ్‌మన్‌తో తుడిపించుకునే కార్లన్నిటికీ ఈ గూడు ఉంటుంది. పాపం అతన్ని అనడానికి లేదు, మనం ఇచ్చింది ఒక పాత బనియన్ గుడ్డే కదా.

ఆగస్టు, సెప్టెంబర్లలో ఇంకో తంటా. తెల్లవారుజామున తేమ మంచులా పడుతుంది, దుమ్ముతో కలిసి బురదవుతుంది, ఎనిమిదింటికల్లా ఎండి పెచ్చు కడుతుంది. దాన్ని గోకకూడదు. ముందు నీళ్లు చల్లి నాననివ్వాలి, టాపు నుంచి కిందికి జారనివ్వాలి, ఆ తర్వాతే గుడ్డ. గుడ్డ కూడా ముందు నుంచి వెనక్కి తిన్నగా పోవాలి. చక్రాల దగ్గరికి వాడింది మళ్లీ బానెట్ మీదికి రాకూడదు. ఇదంతా పొద్దెక్కక ముందే అయిపోవాలి. కాలిన రేకు మీద షాంపూ ఆరితే మరక తీయడం ఇంకో రోజు పని.

• చేతికి పాలిథిన్ కవరు తొడుక్కుని, కడిగి ఆరిన కారు మీద నెమ్మదిగా రాసి చూడండి. ఒట్టి చేతికి నున్నగా తగిలిన చోటే ఇప్పుడు గరుగ్గా తగులుతుంది. అవి రంగులో దిగబడిన ఇనుప రజను, తారు చుక్కలు, మాడిన దుమ్ము. వీటిని తీయడానికి మట్టిముద్దలాంటి క్లే బార్ ఉంటుంది. ఈ ముద్ద మీద జపాన్‌కు చెందిన తడావో కొడాటే పేరిట అమెరికా పేటెంట్ ఉంది. సబ్బునీళ్లు చల్లుతూ ముద్దను తేలిగ్గా జరపాలి. కింద పడితే మాత్రం మొహమాటం లేకుండా పారేయాలి. అంటుకున్న ఇసుక దాన్నే గరుకు కాగితం చేస్తుంది.

• వ్యాక్స్ డబ్బా మీద ఆరు నెలలని రాసి ఉంటుంది. ఆ ఆరు నెలలు దోహావి కావు. ఆ డబ్బాలో వాడే కార్నోబా మైనం బ్రెజిల్లో పెరిగే ఒక తాటిజాతి చెట్టు ఆకుల మీద పుడుతుంది. చెట్ల నుంచి వచ్చే మైనాల్లో బాగా గట్టిది, కరగడానికి 82 డిగ్రీల పైన వేడి కావాలి. నడి వేసవి మధ్యాహ్నం నల్ల కారు టాపు ఆ అంకెకు మరీ దూరంగా ఏమీ ఉండదు. పైగా డబ్బాలో ఉండేది ఒట్టి కార్నోబా కాదు, అంతకన్నా మెత్తటివి కలిపిన ముద్ద.

• పసుపచ్చబడిన హెడ్‌లైటుకు కొత్తది కొనక్కర్లేదు. అంబాసిడర్, పద్మిని రోజుల్లో హెడ్‌లైటుకు గాజు ఉండేది, ఎన్నేళ్లయినా పసుపు ఎక్కేది కాదు. ఇప్పటివి పాలికార్బొనేట్ ప్లాస్టిక్. దాని మీద ఎండను అడ్డుకునే పల్చటి పూత వేసి పంపుతారు. ఎండకు మాడేది ముందు ఆ పూతే. అమెరికాలో గాజు దీపాల నిబంధన సడలాక ఈ కొత్తరకం దీపాలతో వచ్చిన మొదటి కారు 1984 మోడల్ లింకన్ మార్క్ సెవెన్. ఆ తర్వాత ప్రపంచమంతా ప్లాస్టిక్కే.

పని సెలవు రోజు పొద్దున్న పెట్టుకోండి. లైటు చుట్టూ రంగు మీద మాస్కింగ్ టేపు రెండు వరసలు అంటించాలి. హార్డ్‌వేర్ కొట్లో 800, 1500, 2000 నంబర్ల వాటర్ పేపర్ దొరుకుతుంది. కాసేపు నీళ్లలో నానేసి, ముందు 800తో అడ్డంగా రుద్దాలి. పసుపచ్చటి పాలలాంటి నీళ్లు కారతాయి. ఆ పాలు తెల్లగా మారేదాకా ఆపొద్దు. పసుపు కారుతోందంటే పాత పూత ఇంకా ఉందని లెక్క. తర్వాత 1500తో నిలువుగా, 2000తో మళ్లీ అడ్డంగా. దిశ మార్చేది ఎందుకంటే పాత గీతలు పోయాయో లేదో కంటికి తెలియడానికి. ఈ దశలో లైటు మునుపటికన్నా మసగ్గా కనిపించి గుండె జారుతుంది. కంగారు పడకండి. రబ్బింగ్ కాంపౌండ్ వేసి మెత్తటి గుడ్డతో రుద్దుతుంటే లోపలి బల్బు కనిపించడం మొదలవుతుంది.

అసలు మెలిక చివర్లో ఉంది. ఎండను ఆపే కొత్త పూత వేయకపోతే కొద్ది నెలల్లో మళ్లీ మొదటికొస్తుంది. పాత పూతను మన చేత్తోనే గీకేశాం కదా. టూత్‌పేస్టుతో లైటు రుద్దే చిట్కా పనిచేసేదీ, నిలవనిదీ ఇందుకే. పేస్టులో సన్నటి గరుకు పొడి ఉంటుంది గానీ, రక్షణ పూత ఉండదు. మూడేళ్లు దాటిన కారుకు ఇస్తిమారా రెన్యువల్‌కి ముందు ఫాహెస్ తనిఖీ తప్పదు. అక్కడ లైట్లూ చూస్తారు. కాబట్టి ఈ పని దానికి వారం ముందు పెట్టుకున్నవాడు తెలివైనవాడు.

• సీటు మీద పులిహోర ఒలికితే సర్ఫ్ వేయకండి. మరక ఎర్రబడి కూర్చుంటుంది. పసుపులోని కర్కుమిన్‌కు క్షారం తగిలితే ఎరుపెక్కుతుంది. దిష్టి తీసే ఎర్రనీళ్లలో సున్నం చేసే పనే ఇక్కడ సర్ఫ్ చేస్తుంది. గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు చల్లటి నీళ్లలో కలిపి, రుద్దకుండా గుడ్డతో అద్ది తీయండి. మిగిలిన పసుపు నీడను ఎండకు వదిలేయండి. కర్కుమిన్ వెలుతురుకు నిలవదు. కారు విషయంలో దోహా ఎండ మనకు చేసే ఉపకారం బహుశా ఇదొక్కటే.

• ఫ్రిజ్ మీది అయస్కాంతం తీసుకెళ్లి సెకండ్ హ్యాండ్ కారు కొనొచ్చు. డెంటింగ్‌లో లప్పం మందంగా పెట్టిన చోట అయస్కాంతం అంటదు. గీతలు పడకుండా మధ్యలో పల్చటి గుడ్డ ముక్క పెట్టి తలుపులు, మడ్‌గార్డులు, డిక్కీ అంచులు తడిమి చూడాలి. బంపర్ ప్లాస్టిక్కే కాబట్టి అక్కడ అంటలేదని బేరం మానుకోకండి. ఇంకో పరీక్ష సీటు బెల్టు. దాన్ని చివరిదాకా లాగండి. 2024 ఏప్రిల్ 16న దుబాయ్ వాన చూశాం కదా, అలాంటి నీళ్లలో మునిగిన కారును ఎంత కడిగి అమ్మకానికి పెట్టినా, బెల్టు చుట్టలో లోపలి మూర మీద బురద గీత మిగిలిపోతుంటుంది.

• బ్యాటరీని చంపేది చలి అనుకుంటాం. పొద్దున్నే సెల్ఫ్ తీసుకోకపోతే చలికాలాన్ని తిడతాం. అసలు హంతకి వేసవి. లెడ్ యాసిడ్ బ్యాటరీకి వేడి పెరిగే ప్రతి 10 డిగ్రీలకు ఆయుష్షు సుమారు సగం తగ్గుతుందని ఆ రంగంలో వాడుక లెక్క. టెర్మినళ్ల మీద తెల్లగా, పచ్చగా పేరుకునే చిలుముకు వంట సోడా కలిపిన నీళ్లు చాలు. ఆమ్లం విరిగి బుసబుస పొంగుతుంది. పాత టూత్‌బ్రష్‌తో తోమి, తుడిచి, కాస్త వాసెలిన్ రాయాలి. విప్పేటప్పుడు మైనస్ ముందు, బిగించేటప్పుడు ప్లస్ ముందు. బాడీ అంతా మైనస్‌కు కలిసి ఉంటుంది, ప్లస్ విప్పుతూ పానా రేకుకు తగిలిందంటే నిప్పురవ్వలే.

• దోహాలో ఏడాది వాన సుమారు 75 మిల్లీమీటర్లు. వైపర్లు అరిగి పోవు, వాడక పోతాయి. రబ్బరు ఎండి, అద్దానికి అతుక్కుని, మొదటి వాన రోజు చిరుగుతుంది. వారానికోసారి తడిగుడ్డతో ఒత్తి తుడిస్తే నల్లటి మసి దిగుతుంది.

• ఏసీ వేసినప్పుడు కారు కింద నీళ్లు కారకపోతేనే అనుమానించాలి. దోహా తేమలో ఏసీ నడుస్తూ చుక్క పడట్లేదంటే నీళ్లు బయటికి పోయే గొట్టం దుమ్ముతో పూడుకుని ఉండొచ్చు. ఆ నీళ్లు ముందు సీటు కార్పెట్ కిందికి చేరి ముక్కిన వాసన వేస్తాయి. పెర్ఫ్యూమ్ డబ్బాలు వేలాడదీసే ముందు కార్పెట్ ఎత్తి చూడండి. క్యాబిన్ ఫిల్టర్ చాలా చిన్న కార్లలో గ్లవ్ బాక్స్ వెనకే ఉంటుంది, మార్చుకోవడానికి స్క్రూడ్రైవర్ కూడా అక్కర్లేదు. సనాయాలో, అంటే ఇండస్ట్రియల్ ఏరియాలో, మలయాళీ మెకానిక్ చేట్టాను బతిమాలాల్సిన పని అంతకన్నా లేదు.

• టైరుకు పుట్టినరోజు ఉంటుంది. పక్క గోడ మీద డీఓటీ అక్షరాల వరస చివర నాలుగంకెలు చూడండి. 2319 అంటే 2019లో 23వ వారం. నెత్తురులాంటి ఎరుపు కాలిపర్లకు ముచ్చటపడి, ఎండకు పగుళ్లిచ్చిన ఎనిమిదేళ్ల టైరును చూడని కుర్రాళ్లను సనాయాలో రోజూ చూడొచ్చు.

• ఊళ్లో షెడ్డు కింద మారుతి 800 వదిలొచ్చారా? ఆ మోడల్ మొట్టమొదటి కారు తాళాలను 1983 డిసెంబర్ 14న ఇందిరాగాంధీ ఢిల్లీకి చెందిన హర్‌పాల్ సింగ్‌కు ఇచ్చారు. 2010లో ఆయన పోయాక అది తుప్పు పట్టి పడి ఉంటే, తర్వాత కంపెనీయే బాగుచేయించి తమ కార్యాలయంలో ప్రదర్శనకు పెట్టింది. అదే 2010 ఏప్రిల్లో బీఎస్-4 నిబంధన రావడంతో హైదరాబాద్‌తో సహా 13 నగరాల్లో 800 అమ్మకం ఆగిపోయింది. 2014 జనవరిలో తయారీయే ఆపేశారు.

• వేసవి సెలవులకు రెండు నెలలు ఇంటికెళ్తే, దుమ్ము కప్పుకున్న కారును దిక్కులేనిది అనుకునే ప్రమాదం ఉంది. బహిరంగ స్థలాల్లో కార్లను గాలికొదిలేయడాన్ని 2017 నాటి 18వ నంబరు పరిశుభ్రత చట్టం ఒప్పుకోదు. మున్సిపాలిటీ వాళ్లు నోటీసు అంటిస్తారు, గడువు దాటితే లేపుకెళ్తారు. టైర్లలో గాలి నింపి, బ్యాటరీ మైనస్ విప్పి, హ్యాండ్‌బ్రేక్ బదులు గేరులో పెట్టి, కుదిరితే చెల్లుబాటయ్యే పార్కింగ్ లోపల వదలండి. తాళం ఎవరో ఒకరికి ఇచ్చి వెళ్లండి. వారానికోసారి అద్దాలు తుడవమనండి, తడిగుడ్డతోనే.