మాటలతో డిప్రెషన్ తగ్గుతుందా?

అపోహ: కౌన్సెలింగ్ అంటే నాలుగు ధైర్యం మాటలు చెప్పడమే. ఆ పని ఇంట్లోవాళ్లూ చేయగలరు.

వాస్తవం: ఇంట్లోవాళ్ల ఓదార్పు విలువైనదే. కానీ ‘ధైర్యంగా ఉండు, అన్నీ అవే సర్దుకుంటాయి’ అంటే చాలామందికి తమను తామే నిందించుకోవడం ఇంకా ఎక్కువవుతుంది. చికిత్స అక్కడితో ఆగదు. 1960ల్లో ఫిలడెల్ఫియాకు చెందిన మానసిక వైద్యుడు ఆరన్ బెక్ తన రోగుల్లో ఒక సంగతి గమనించారు. ‘నేను పనికిరాను’, ‘ఇక ఏదీ బాగుపడదు’ అనే ఆలోచనలు వారిలో ఆగకుండా తిరుగుతున్నాయి. వాటిలో నిజమెంతో రోగి తానే పరీక్షించుకునేలా నేర్పే పద్ధతిని ఆయన తయారుచేశారు. దాన్నుంచి ఎదిగిందే కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ (సీబీటీ). ఇందులో హోంవర్కు కూడా ఉంటుంది.

అపోహ: చిన్నపాటి దిగులుకు మాటలు సరే, ముదిరితే మాత్రలు తప్ప దారి లేదు. పైగా పెద్ద నగరంలో సైకాలజిస్టు ఉంటేనే కౌన్సెలింగ్ కుదురుతుంది.

వాస్తవం: ఈ రెండు నమ్మకాలకూ గోవా జవాబిచ్చింది. అక్కడి ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు వచ్చిన, తీవ్ర డిప్రెషన్‌తో బాధపడుతున్న 495 మందిపై పరిశోధకుడు విక్రమ్ పటేల్ బృందం ఒక అధ్యయనం చేసింది. సగం మందికి మామూలు వైద్యాన్నే కొంత మెరుగుపరచి అందించారు. మిగతా సగానికి దాంతోపాటు ఆరు నుంచి ఎనిమిది సిట్టింగుల కౌన్సెలింగ్ ఇచ్చారు. కౌన్సెలర్లు శిక్షణ పొందిన స్థానికులే, మానసిక వైద్య నిపుణులు కారు. ఉత్సాహం వచ్చాక లేద్దామని ఎదురుచూడకుండా, ముందు చిన్న పనితో మొదలుపెట్టించడం వారి పద్ధతి. స్నానం, వీధి చివరిదాకా నడక, దూరమైన స్నేహితుడికి ఒక ఫోన్: ఇలాంటి పనులతో రోజు మళ్లీ గాడిన పడితే మనసూ తేరుకోవడం మొదలవుతుంది. మూడు నెలలకు కౌన్సెలింగ్ అందుకున్నవారిలో 64 శాతం డిప్రెషన్ నుంచి బయటపడ్డారు. మామూలు వైద్యం మాత్రమే అందుకున్నవారిలో అది 39 శాతమే. మన రెండు తెలుగు రాష్ట్రాల ఆరోగ్య కేంద్రాల్లోనూ ఇది సాధ్యమేనని నా గట్టి నమ్మకం.

అపోహ: మాత్ర ఆపితే జబ్బు తిరగబెట్టినట్టే, మాటలు ఆపినా తిరగబెడుతుంది.

వాస్తవం: 2005లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనం దీన్నే పరిశీలించింది. చికిత్సతో కోలుకున్నాక మందులు ఆపేసినవారిలో 76 శాతానికి ఏడాదిలోగా జబ్బు తిరగబెట్టింది. బెక్ రూపొందించిన కాగ్నిటివ్ థెరపీ ముగించినవారిలో అది 31 శాతం. నేర్చుకున్న పద్ధతి మనిషితోనే ఉండిపోవడం ఇందుకు కారణమని పరిశోధకుల అభిప్రాయం. అయితే ఈ అంకెలు చూసి మాత్రలు మానేయకండి. డాక్టరును అడగకుండా ఆపడం ప్రమాదం. జబ్బు తీవ్రంగా ఉన్నప్పుడు రెండూ కలిపి ఇస్తేనే ఎక్కువ ఫలితం.

అపోహ: థెరపీ అందరికీ పనిచేస్తుంది.

వాస్తవం: లేదు. గోవాలోనూ కౌన్సెలింగ్ అందుకున్నవారిలో మూడో వంతుకు పైగా మంది మూడు నెలల్లో పూర్తిగా కోలుకోలేదు. ఫలితం రాని అధ్యయనాలు కొన్ని అచ్చుకే నోచుకోకపోవడం వల్ల థెరపీ ప్రభావం కొంత ఎక్కువగా కనబడిందని కూడా తేలింది. కొన్ని వారాలకూ మార్పు లేకపోతే ఆ మాట థెరపిస్టుకే చెప్పండి. పద్ధతి మార్చవచ్చు, థెరపిస్టును మార్చవచ్చు, మందు జోడించవచ్చు.

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియనివారు ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. తెలుగులోనే, ఉచితంగా, ఏ వేళలోనైనా మాట్లాడతారు. చనిపోవాలన్న ఆలోచన వస్తుంటే మాత్రం రేపటిదాకా ఆగకండి, ఇప్పుడే ఆ నంబరుకు ఫోన్ చేయండి.