హౌస్‌ఫుల్ బోర్డు ఎందుకు దిగిపోతోంది?

సినిమాకి మొదటి ఆట చూసేది వీరాభిమాని. టిక్కెట్టు కోసం చొక్కా చింపుకునేదీ వాడే, తెర మీద పేరు పడగానే ఈల వేసేదీ వాడే. ఫస్టు షో అయ్యాక సెకండు షో, మర్నాడు మళ్ళీ మాట్నీ! అలాంటివాడు ఇంటర్వెల్లోనే లేచి ఇంటికి పోయాడంటే ఆ సినిమా సంగతి వేరే చెప్పాలా?

అమెరికాలో అధ్యక్ష పదవి కోసం పోటీపడేవాళ్ళు టీవీలో జరిపే 'ప్రైమరీ డిబేట్ల' పరిస్థితి అచ్చం ఇలాగే ఉంది. రాజకీయాలంటే చెవి కోసుకునేవాళ్ళు, పార్టీ కోసం ఇంటింటికీ తిరిగేవాళ్ళు, జేబులోంచి తీసి చందా ఇచ్చేవాళ్ళు... వీళ్ళలోనే చాలామంది రెండు మూడు డిబేట్లు చూసేసరికి ఆవులించి టీవీ కట్టేస్తున్నారు. ఆసక్తి లేనివాడు చూడలేదంటే వింత లేదు. ఉన్నవాడికే విసుగు పుట్టడం వింత!

ఇంతకీ ప్రైమరీ అంటే?

మన దగ్గర ఎన్నికల్లో టిక్కెట్టు ఎవరికివ్వాలో పార్టీ పెద్దలు తేలుస్తారు. అమెరికాలో ఆ పని కూడా ఓటర్లదే. నవంబరులో జరిగే అసలు ఎన్నికకు కొన్ని నెలల ముందే రిపబ్లికన్ పార్టీ తరఫున ఎవరు, డెమోక్రటిక్ పార్టీ తరఫున ఎవరు అన్నది ఒక్కో రాష్ట్రంలో ఒక్కో తేదీన ఓటేసి తేల్చుకుంటారు. సినిమా భాషలో చెప్పాలంటే షూటింగుకి ముందు జరిగే హీరో సెలక్షనన్నమాట. ఆ సెలక్షను కోసం ఒకే పార్టీవాళ్ళు ఒకరి పక్కన ఒకరు నిలబడి వాదించుకోవడమే ప్రైమరీ డిబేటు.

ఇది టీవీలోకి రాకముందే పుట్టిన ఆట. 1948 మే నెలలో ఆరెగన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్‌లో రిపబ్లికన్లు థామస్ డ్యూయీ, హెరాల్డ్ స్టాసెన్ రేడియోలో తలపడ్డారు. మొత్తం ఒక గంట. ప్రశ్న ఒక్కటే: కమ్యూనిస్టు పార్టీని చట్టవిరుద్ధం చెయ్యాలా, వద్దా? చెయ్యాలన్నాడు స్టాసెన్. ఆలోచనల్ని తుపాకీతో కాల్చలేమన్న ధోరణిలో వాదించాడు డ్యూయీ. ఆ రాష్ట్రం ఓటు డ్యూయీకే దక్కింది. ఒక గంట, ఒక ప్రశ్న, ఇద్దరు మనుషులు! ఈ లెక్క కొంచెం గుర్తుపెట్టుకోండి. మళ్ళీ దీని దగ్గరికే వస్తాం.

మేకప్‌మాన్ ప్రవేశం

1960 సెప్టెంబరు 26న షికాగోలో కెనెడీ, నిక్సన్ టీవీ స్టూడియోలో ఎదురెదురుగా నిలబడ్డారు. ఇది ప్రైమరీ కాదు, అసలు ఎన్నిక డిబేటే. కానీ ఆ రాత్రి సుమారు 6 కోట్ల 60 లక్షలమంది చూసిన దృశ్యం తర్వాత వచ్చిన డిబేట్లన్నిటి జాతకాన్నీ మార్చేసింది. అప్పుడే ఆసుపత్రి నుంచి వచ్చిన నిక్సన్ మొహం పీక్కుపోయి ఉంది. కెనెడీ మాత్రం హీరోలా మెరిసిపోయాడు. ఆ రోజు నుంచి రాజకీయాల్లో సలహాదారు పక్కనే మేకప్‌మాన్‌కి కూడా కుర్చీ పడింది!

మేకప్ వచ్చాక డైలాగు రాకుండా ఉంటుందా? 1980 ఫిబ్రవరి 23, న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలోని నాషువా. ఒక హైస్కూలు హాల్లో రిపబ్లికన్ల డిబేటు. రొనాల్డ్ రీగన్, జార్జ్ బుష్ ఇద్దరే మాట్లాడాలని ఏర్పాటు. ఖర్చు రీగన్ వర్గానిది. తీరా చూస్తే రీగన్ మిగతా అభ్యర్థుల్ని కూడా వెంటబెట్టుకొచ్చాడు. గొడవ మొదలైంది. సభ నడుపుతున్న పత్రికా సంపాదకుడు రీగన్ మైకు ఆపెయ్యమన్నాడు. అంతే! మైకుకి డబ్బు కడుతున్నది నేనని రీగన్ గర్జించాడు. హాలు చప్పట్లతో దద్దరిల్లింది. కోపంలో ఆ సంపాదకుడి పేరు తప్పు పలికాడు కూడా. ఎవరికి పట్టింది? మూడు రోజుల తర్వాత ఆ రాష్ట్రంలో బుష్‌కి వచ్చిన ఓట్లకు రెట్టింపు కంటే ఎక్కువే రీగన్‌కి పడ్డాయి.

ఇక్కడే సినిమావాళ్ళకి నచ్చే కొసమెరుపు ఉంది. ఫ్రాంక్ కాప్రా తీసిన 'స్టేట్ ఆఫ్ ది యూనియన్' (1948) చిత్రంలో అధ్యక్ష పదవికి పోటీపడే పాత్ర స్పెన్సర్ ట్రేసీది. ఆ పాత్ర కూడా ఒక రేడియో, టీవీ ప్రసారంలో తన మాట ఆపొద్దని, డబ్బు కడుతున్నది తానేనని దాదాపు ఇదే మాట అంటుంది! రీగన్ మాజీ హాలీవుడ్ నటుడని మీకు తెలిసిందేగా. ఆ డైలాగు ఆయన మనసులో దాగి ఉందో, అప్పటికప్పుడు పుట్టిందో గాని, ఆ రాత్రి మిగతా చర్చలో ఎవరేమన్నారో ఇవాళ ఎవరికీ గుర్తులేదు. మైకు డైలాగొక్కటే మిగిలింది.

నాలుగేళ్ళ తర్వాత 1984లో అట్లాంటా డిబేటులో వాల్టర్ మాండేల్ ఇంకో మెట్టెక్కాడు. ప్రత్యర్థి గారీ హార్ట్ చెప్పే కొత్త ఆలోచనల్లో సరుకు లేదనడానికి, అప్పట్లో టీవీలో మారుమోగుతున్న హాంబర్గర్ ప్రకటనలోని మాటనే వాడాడు. జనం పగలబడి నవ్వారు. హార్ట్ ఆలోచనలు మంచివా చెడ్డవా అన్న ప్రశ్న ఆ నవ్వులో కొట్టుకుపోయింది.

ఇరవైమంది హీరోలు!

మల్టీస్టారర్ అంటే మనకి సరదాయే. ఇద్దరు హీరోలైతే ముచ్చట, ముగ్గురైతే సందడి. ఇరవైమందైతే?

2015లో రిపబ్లికన్ అభ్యర్థులు 17 మంది. ఆగస్టు 6న క్లీవ్‌లాండ్‌లో 10 మందికి ప్రధాన వేదిక, మిగతా 7గురికి ముందుగా చిన్న ఆట. చూసినవాళ్ళు 2 కోట్ల 40 లక్షలు! టీవీ రియాలిటీ షోలో ఏళ్ళ తరబడి ఆరితేరిన డోనాల్డ్ ట్రంప్ నట్టనడుమ నిలబడ్డాడు మరి.

2019 జూన్‌లో డెమోక్రట్ల వంతు. మయామీలో రెండు రాత్రులు, రాత్రికి 10 మంది చొప్పున 20 మంది. జవాబుకి 60 సెకన్లు, ఎదురు జవాబుకి 30. కోట్లమంది వైద్య ఖర్చులకు సంబంధించిన ప్రశ్నకి స్కూలు పిల్లల్లా చేతులెత్తమన్నారు! ప్రైవేటు ఆరోగ్య బీమాని రద్దు చేసేదెవరని అడిగితే చెయ్యెత్తిన కమలా హారిస్, ప్రశ్న వేరేలా అర్థమైందని మర్నాడు వివరణ ఇచ్చుకోవలసి వచ్చింది.

కలెక్షన్లు చూడండి. మొదటి రాత్రి 1 కోటి 53 లక్షలు, రెండో రాత్రి 1 కోటి 81 లక్షలు. నవంబరు వచ్చేసరికి 65 లక్షలు! మళ్ళీ 2020 ఫిబ్రవరిలో లాస్ వేగస్ డిబేటుకి అమాంతం 1 కోటి 97 లక్షలు. కారణం? కోటీశ్వరుడు మైకేల్ బ్లూమ్‌బెర్గ్ మొదటిసారి వేదికెక్కాడు, ఎలిజబెత్ వారెన్ ఆయన్ని ఉతికి ఆరేసింది. ఫైటింగు ఉందంటే హాలు నిండుతుంది, లేదంటే ఖాళీ. కానీ ఆ ఫైటింగు గెలిచిన వారెన్‌కి ఒరిగిందేమిటి? రెండు వారాలు తిరక్కముందే సొంత రాష్ట్రం మసాచుసెట్స్‌లోనే మూడో స్థానం!

అభిమాని ఎందుకు లేచిపోతాడు?

ఒకటి, కథ అతనికి ముందే తెలుసు. రాజకీయం పట్టినవాడు అభ్యర్థుల ప్రణాళికలు చదివి ఉంటాడు, పాత ఓట్ల చిట్టా తిరగేసి ఉంటాడు. అతనికి కావలసింది రెండో ప్రశ్న, మూడో ప్రశ్న. 'సరే, డబ్బెక్కణ్ణించి తెస్తావు? చట్టసభ ఒప్పుకోకపోతే ఏం చేస్తావు?' ఆ ప్రశ్నలు వచ్చేలోపు గంట కొట్టేస్తారు.

రెండు, అందరూ ఒకే పార్టీ. అభిప్రాయాల్లో తేడా వెంట్రుకవాసి. దాన్ని యుద్ధంలా చూపించాలంటే మాటలు ముందే రాసుకుని, కంఠతా పట్టి రావాలి. మయామీలో కమలా హారిస్ నల్లజాతి పిల్లల స్కూలు బస్సుల విషయం తీసి జో బైడెన్‌ని నిలదీసింది. దేశమంతా అదే చర్చ. డిసెంబరుకల్లా ఆమె పోటీలోంచి తప్పుకుంది. మరుసటి ఆగస్టులో ఆ బైడెనే ఆమెని ఉపాధ్యక్ష అభ్యర్థిగా ఎంచుకున్నాడు! తెర మీద కొట్టుకున్న హీరో, విలను సాయంత్రం కలిసి కాఫీ తాగుతారని మనకి తెలుసు. ఓటరుకీ తెలిసిపోయింది.

మూడు, పొద్దున్నే తునకలొస్తాయి. రెండు గంటల చర్చలోంచి అర నిమిషం ముక్క ఫోనుకే వచ్చేస్తుంటే రాత్రంతా మేలుకోవడం దేనికి? 2011 నవంబరులో టెక్సాస్ గవర్నరు రిక్ పెరీ మూడు ప్రభుత్వ శాఖలు ఎత్తేస్తానని చెప్పి, రెండు చెప్పాక మూడోది మర్చిపోయి 'ఊప్స్' అన్నాడు. ఆయన డిబేట్లన్నిటిలోంచీ జనానికి మిగిలింది ఆ ఒక్క మాటే. విచిత్రమేమిటంటే, పేరు మర్చిపోయిన ఆ ఇంధన శాఖకే 2017లో ఆయన అధిపతి అయ్యాడు! ఎత్తెయ్యాలన్నది సరైన మాటేనా అన్న చర్చ మాత్రం జరగనేలేదు.

నాలుగు, హీరో లేని సినిమా. 2023 ఆగస్టులో మిల్వాకీలో రిపబ్లికన్లు 8 మంది వేదికెక్కారు. అందరికంటే ముందున్న ట్రంప్ రానే లేదు. ఆ డిబేటుకి 1 కోటి 28 లక్షలమంది వచ్చారు. డిసెంబరు డిబేటుకి సుమారు 40 లక్షలు. ట్రంప్ ఒక్కదానికీ రాలేదు. 2024 జనవరిలో అయోవాలో 51 శాతం ఓట్లతో గెలిచాడు. రాకుండానే గెలిచేటప్పుడు, వచ్చినవాళ్ళ మాటలు ఎవరు వింటారు?

ఐదు, తన ఓటు వచ్చేసరికి ఆట ముగిసిపోతుంది. మనవాళ్ళు బాగా స్థిరపడిన న్యూ జెర్సీనే తీసుకోండి. 2024లో అక్కడ ప్రైమరీ జూన్ 4న. ట్రంప్, బైడెన్ ఇద్దరికీ కావలసిన బలం మార్చి 12కే వచ్చేసింది. ఎడిసన్‌లో ఓటున్న తెలుగు కుటుంబం డిబేట్లన్నీ శ్రద్ధగా చూసినా, తీరా ఎంచుకోవడానికి పోటీ ఏదీ? టెక్సాస్‌లో ఉన్నవాళ్ళు నయం, మార్చి 5నే ఓటేశారు.

పోతే పోనీ అనుకుందామా?

టీవీ షో ఆడకపోతే ఎవరికి నష్టమని మీరు అడగొచ్చు. నష్టం చిన్నది కాదు. నవంబరులో ఓటరుకి పార్టీ గుర్తు దారి చూపిస్తుంది. ప్రైమరీలో ఆ దారి లేదు, అందరిదీ ఒకే గుర్తు. మనిషిని మనిషితో పోల్చుకోవలసిందే. అందుకు అభ్యర్థులందర్నీ ఒకేసారి చూడగలిగేది డిబేటులోనే. పైగా ప్రైమరీలో ఓటేసేవాళ్ళు నవంబరులో వేసేవాళ్ళకంటే బాగా తక్కువ. ఆ కొద్దిమంది ఎంచుకున్న మనిషే రేపు దేశాన్ని ఏలేది.

ఇంకో సంగతి. సినిమా బాగుందో లేదో పదిమందికి చెప్పేది మొదటి ఆట చూసినవాడే. రాజకీయాల్లోనూ అంతే. విషయం తెలిసినవాడు చూస్తే, పొద్దున వచ్చిన తునక చూసి 'అబ్బో' అన్న తమ్ముడికి 'ఒరే, దాని ముందు మాట వేరు, వెనక మాట వేరు' అని చెప్పేవాడు ఇంట్లో ఒకడుంటాడు. వాడే చూడ్డం మానేస్తే తునకే నిజమైపోతుంది. అరిచినవాడే గెలిచినవాడవుతాడు.

మందు లేదా? ఉంది. 1992 ఏప్రిల్‌లో న్యూయార్క్ ప్రైమరీకి ముందు ఫిల్ డానహ్యూ తన టీవీ షోకి బిల్ క్లింటన్‌నీ, జెర్రీ బ్రౌన్‌నీ పిలిచాడు. ఇద్దర్నీ పరిచయం చేసి తను నోరు మూసుకు కూర్చున్నాడు! గంట లేదు, ఎర్ర లైటు లేదు. ఒక బల్ల దగ్గర ఇద్దరూ మాట్లాడుకున్నారు. ఒకరు తప్పించుకోబోతే రెండోవారు పట్టుకున్నారు. 1948లో రేడియో చేసిందీ ఇదే... కొద్దిమంది మనుషులు, తక్కువ ప్రశ్నలు, చాలినంత సమయం. ఖర్చు కూడా తక్కువే. ఫైటింగు లేకపోతే ప్రకటనలు రావన్న భయమే అడ్డు.

కథ ఉన్న సినిమా మొదటివారం మెల్లిగా నడిచి, ఆ నోటా ఈ నోటా పడి, వంద రోజులాడిన సందర్భాలు మీకు మేము చెప్పాలా? ఆ పాఠం సినిమావాళ్ళు ఎప్పుడో నేర్చుకున్నారు. టీవీవాళ్ళే ఇంకా ట్రైలరు దగ్గర ఆగిపోయారు. అభిమాని తిరిగి రావాలంటే వాళ్ళు మార్చవలసింది హీరోని కాదు, స్క్రీన్‌ప్లేని. ఏమంటారు?