ధాత కఱవు – ఒక పౌను ధాన్యము

వర్తకమునకు ఆటంకము లేకున్నచో ధరలే సర్వమును చక్కబెట్టునని మా పై తరగతి విద్యార్థులు కొందఱు వాదించుచుందురు. వారికి మేము 1876 మొదలు 1878 వఱకు చెన్నపురి రాజధానిని పీడించిన ధాత కఱవును చూపుచుందుము.

ధర హెచ్చిన చోటికి ధాన్యము చేరుననుట నిజమే. బళ్లారి, కడప సీమలలో పంటలు పోగా రైలుబండ్లపై ధాన్యము వచ్చెను. కాని పొలమున పనిలేని కూలివానికి దానిని కొనుటకు రొక్కమేది? రొక్కము లేనివాని యాకలి అంగడిలో గిరాకీ క్రిందికి రాదు.

సర్ రిచర్డు టెంపులు దొర 1874లో బీహారు క్షామమున బర్మానుండి బియ్యము విస్తారముగా తెప్పించెను. చనిపోయినవారు మిక్కిలి తక్కువ. అయినను దుబారా చేసెనని ఆయనను నిందించిరి. 1877లో వైస్రాయి లిట్టను పంపగా ఇచటికి వచ్చి, ఆ నిందకు జడిసియో యేమో, కఱవు పనులలో పురుషునికి దినమునకు ఒక పౌను, అనగా సుమారు 39 తులముల ధాన్యమును, ఒక అణాయు చాలునని నిర్ణయించెను. రాళ్లు మోయువానికి ఒకటిన్నర పౌనైనను ఉండవలెనని చెన్నపురి ఆరోగ్యాధికారి డాక్టరు కార్నిషు పట్టుపట్టెను. పిమ్మట కూలి కొంత పెరిగెను. ఆలోపల ఎందఱు పోయిరో!

ధర్మమైనచో దాత తన యిచ్చవచ్చినట్లు తగ్గింపవచ్చును; విధియైనచో తగ్గించినవానిని అడుగవచ్చును. ప్రాణరక్షణము ప్రభుత్వ విధియేయని 1880లో క్షామ విచారణ సంఘము ఒప్పుకొనెను. పిమ్మట క్షామ నిబంధనలు పుట్టెను. ధాన్య వర్తకమున చేయిపెట్టరాదను నియమమును మాత్రము ఆ సంఘమును విడువలేదు.