కొల్లేరు సంఘాలు: పేరు మత్స్యకారులది, పెట్టుబడి ఎవరిది?

నల్లజర్ల: మన మెట్ట రైతుకు సొసైటీ అంటే పంట రుణం, ఎరువుల బస్తా. ఏలూరు దాటి కొల్లేరు లంకల్లోకి వెళితే సొసైటీ అంటే చేపల చెరువు. 1970వ దశకంలో ప్రభుత్వం సరస్సులో చెరువులు తవ్వించి మత్స్యకార, దళిత సహకార సంఘాలకు అప్పగించింది.

సహకార సూత్రం చిన్నదే. 1844లో ఇంగ్లండులోని రాచ్‌డేల్‌లో 28 మంది శ్రామికులు తలా ఒక పౌను వేసుకుని సరుకుల దుకాణం తెరిచారు. మనిషికి ఒకటే ఓటు. మిగులు సొమ్ము కొనుగోళ్లను బట్టి పంపకం. కొల్లేటిలోనూ ఓటు సభ్యుడిదే. కొరవడినది ఆ పౌనే. చేప పిల్లలు, తవుడు, చెక్క, గట్ల మరమ్మతు, డీజిలు... పట్టుబడి వరకు ఇంత మదుపు పెట్టే స్తోమత సభ్యులకు లేదు. ఫలితంగా అనేక చెరువులు బయటి పెట్టుబడిదారుల లీజులోకి వెళ్లాయి. సభ్యుడికి మిగిలింది ఏటా కొంత లీజు సొమ్ము, కొందరికి అదే చెరువుపై కూలి పని. తీర్మానాల పుస్తకంలో మాత్రం యజమాని అతడే!

1999లో ఐదో కాంటూరు వరకు సుమారు 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. 2006లో ఆ పరిధిలోని చెరువుల గట్లను అధికారులు ధ్వంసం చేయించారు. లీజుదారు మరో ఊళ్లో చెరువు చూసుకోగలడు. లంక గ్రామాల సభ్యుడికి ఆ వెసులుబాటు లేదు. అభయారణ్యాన్ని మూడో కాంటూరుకు కుదించాలని 2008లో శాసనసభ తీర్మానించినా, కేంద్రం నియమించిన అజీజ్ కమిటీ అందుకు సమ్మతించలేదు.